గ్రాము దశలోనే పరీక్ష: నానో రేణువుల భద్రత వెనుక కథ

విశాఖలో పెదగంట్యాడ వైపు ఉన్న, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్‌లో ఎవరైనా వెండి నానో పూత వేసిన గాయం పట్టీ తయారుచేయబోతున్నారనుకుందాం. వెండి గురించి తెలిసిన సమాచారమంతా తెచ్చి ముందు పెట్టినా ఆ పూతకు సరిపోదు. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంటే 1000 నానోమీటర్లు) గుండును 10 నానోమీటర్ల గుండ్లుగా విడగొడితే బరువు మారదు, ఉపరితలం మాత్రం 100 రెట్లవుతుంది. జీవకణానికి తగిలేది ఆ ఉపరితలమే.

బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ కలిసి 2004లో ఇచ్చిన నివేదిక, ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో నానో రేణువులను ప్రమాదకరమైనవిగానే చూసుకోవాలంది. 2008లో ఎలుకలపై చేసిన ప్రయోగంలో పొడవాటి, నిటారు కార్బన్ నానోట్యూబులు (కార్బన్‌తో చేసిన అతి సన్నని గొట్టాలు) ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార లాంటి వాపు తెచ్చాయి. పొట్టివి, చిక్కుపడ్డవి తేలేదు. అంటే పదార్థాన్ని వదులుకోకుండానే ఆకారం మార్చుకునే వీలుంది. అయితే అది ల్యాబులో గ్రాములు తయారవుతున్నప్పుడే సులువు. టన్నులు తీసే యంత్రాలు బిగించాక ఎవరు మారుస్తారు?

మన దేశంలో నానో పరిశోధనకు ప్రభుత్వ పథకమైన నానో మిషన్ 2007లో 1000 కోట్ల రూపాయలతో మొదలైంది. నానో మందుల మదింపు మార్గదర్శకాలు వచ్చింది 2019లో, వ్యవసాయ, ఆహార ఉత్పత్తులకు 2020లో. ఈ ఎడం చాలా ఎక్కువన్నది మా అభిప్రాయం.

ఈలోగా పరీక్షలే తప్పుదారి పట్టించాయి. 2006లో ఊపిరితిత్తుల జీవకణాలకు నానోట్యూబులు కలిపి, కణాలు బతికున్నాయో లేదో రంగును బట్టి చెప్పే ఎంటీటీ పరీక్ష చేస్తే సగం చచ్చిపోయినట్టు వచ్చింది. వేరే రంగుతో చేస్తే అన్నీ బతికే ఉన్నాయి. ఎంటీటీలో ఏర్పడే ఊదారంగు స్ఫటికాలు ట్యూబులకు అంటుకుని, కరగకుండా ఉండిపోవడమే కారణం. అందుకే జీవకణాలు లేకుండా రేణువులు మాత్రమే వేసిన గుంటలు కూడా ప్రతి పరీక్ష ప్లేటులో ఉండాలి, రెండో పద్ధతితో సరిచూడాలి. ఇంకో ఉచ్చు ఎండోటాక్సిన్. తయారీ నీటిలోనో గాజుసామానులోనో ఉన్న బ్యాక్టీరియా అవశేషం వాపు తెస్తే నింద రేణువు మీద పడుతుంది. ముందు దాన్ని కొలవాలి. కొలిచేటప్పుడు కూడా తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపి, అది 50 నుంచి 200 శాతంలోపు తిరిగి కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే రేణువే ఆ పరీక్షను చెడగొడుతోందని అర్థం.

పరిమాణం సంగతి మరీ జాగ్రత్త. కాంతి చెదరడంతో కొలిచే పరికరంలో రేణువులు అంటుకుని ఏర్పడ్డ 100 నానోమీటర్ల ముద్ద ఒక్కటి, 10 నానోమీటర్ల రేణువులు 10 లక్షలు చెదరగొట్టినంత కాంతిని చెదరగొడుతుంది. నాలుగు ముద్దలుంటే చాలు, చిన్నవి కనబడవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రం తోడు కావాల్సిందే. పైగా శుద్ధజలంలో తీసిన కొలతను లేబుల్ మీద రాసి ఊరుకుంటారు. కానీ సీరం (రక్తంలోని ద్రవభాగం) కలిపిన, జీవకణాలను పెంచే ద్రవంలో ప్రోటీన్లు రేణువులను తొడుగులా పట్టుకుంటాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, రేణువులను దూరదూరంగా ఉంచే విద్యుత్ వికర్షణను అణిచేస్తుంది. ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. అప్పుడు తినేది నీటిలో ఈదే లార్వా కాదు, అడుగున మేసే జీవి.

మన తీరంలో ఇది ఇంకాస్త చిక్కు. వానల తర్వాత అక్టోబరు, నవంబరుల్లో నదుల నీరు కలిసి పైపొర ఉప్పదనం తగ్గుతుంది. భీమిలి వైపు రొయ్యల హేచరీలు తోడుకునే నీటికి ఎండాకాలం కొలత ఒక్కటే వాడితే చాలదు. రెండు ఉప్పదనాల్లోనూ, వేసిన వెంటనే ఒకసారి, 24 గంటలకు మరోసారి పరిమాణం తీయాలి. వెండి అయితే, అదే సమయాల్లో నీటిని అతిసూక్ష్మ రంధ్రాల వడపోతలో తిప్పి, కరిగిన అయాన్లు ఎన్నో విడిగా లెక్కగట్టాలి. జీవిని చంపింది రేణువో, అయానో అప్పుడే తేలుతుంది.