టమ్మీ టక్ తర్వాత ఇంట్లో: డిశ్చార్జి కాగితం ఒక దారి, బాలింత పథ్యం ఇంకో దారి

టమ్మీ టక్‌కు, అంటే వేలాడే పొట్ట చర్మం, కొవ్వు తీసి పొట్ట తగ్గించే ఆపరేషన్‌కు, నెల్లూరు వాళ్లు చాలామంది చెన్నై వెళతారు, ఒంగోలు వైపు వాళ్లు విజయవాడో గుంటూరో హైదరాబాదో. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. చేతికిచ్చిన కాగితంలో లేచి నడవమని, నీళ్లు బాగా తాగమని, గుడ్లు తినమని ఉంటుంది. ఇంట్లో అమ్మో అత్తో చెప్పేది వేరు: "లేచి తిరగబాకమ్మా, కుట్లూడతాయి. నీళ్లు ఎక్కువ తాగబాకు, పొట్ట పెరుగుద్ది."

పెద్దవాళ్ల మాట గాలిలోంచి పుట్టలేదు. మంచం దిగొద్దన్నది ఒకప్పుడు ఆసుపత్రులు చెప్పిన మాటే. బాలింతకు చేసే నడికట్టు, పథ్యం, విశ్రాంతి మూడూ కలిసి, కడుపు మీద కోత పడిన ఎవరికైనా వర్తించే ఇంటి వైద్యంగా స్థిరపడ్డాయి. చిక్కేమిటంటే, ఈ ఆపరేషన్ కాన్పూ కాదు, సిజేరియనూ కాదు.

వేలాడే పొట్ట చర్మాన్ని, కొవ్వును కోసి తీసిన తొలి కేసుల్లో ఒకటి 1890లో ఫ్రాన్సులో నమోదైంది. 1899లో బాల్టిమోర్ గైనకాలజిస్టు హోవార్డ్ కెల్లీ అమెరికాలో అలాంటిదే ప్రచురించాడు. అందం కోసం కాదు. మడతల కింద పుండ్లు, మోయలేని బరువు కారణం. 1957లో వెర్నన్ వివరించిన పద్ధతిలో బొడ్డును చుట్టూ కోసి దాని చోటనే ఉంచి, కిందికి లాగిన చర్మంలో కొత్త రంధ్రం చేసి కుడతారు. 1967లో బ్రెజిల్ సర్జన్ ఈవో పిటాంగీ 300 ఆపరేషన్ల అనుభవం ప్రచురించాక, గాటు లోదుస్తుల మాటున దాగేంత కిందికి దిగింది.

మన దగ్గర దీనికి మరో నేపథ్యం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-20) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ఆ మచ్చ పైన మిగిలే మడత వదిలించుకోవాలనే చాలామంది సర్జన్ దగ్గరికి వెళతారు. "రెండు సిజేరియన్లు చూశాం, ఇదెంత" అన్న ధీమా కూడా అక్కడిదే. కానీ సిజేరియన్‌లో చర్మాన్ని కండరం మీద నుంచి ఇంత మేర లేపరు. టమ్మీ టక్‌లో కింది గాటు నుంచి పక్కటెముకల దాకా లేపి, విడిపోయిన రెండు నిలువు కండరాలను దగ్గరికి లాగి కుట్టి, మిగులు చర్మం తీసేసి, ఉన్నదాన్ని బిగించి కిందికి కుడతారు. ఇంటి దగ్గర పాటించాల్సిన ప్రతి నియమం ఈ ఒక్క పని నుంచే వస్తుంది.

మొదటిది వంగి ఉండటం. మొదటి వారం, పది రోజులు నడుం కాస్త వంచే నడవాలి. నిటారుగా నిలబడితే బిగువంతా కింది కుట్టు మీద పడుతుంది. పడుకునేటప్పుడు వీపు కింద రెండు మూడు దిండ్లు, మోకాళ్ల కింద ఒకటి. కుంగిపోయే నులక మంచం, నవారు మంచం వద్దు, లేవడానికి పొట్ట బిగించాల్సి వస్తుంది. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వదిలి, చేతుల మీద బరువు వేసి లేవాలి. దగ్గు, తుమ్ము వస్తే దిండు పొట్టకు అదుముకోవాలి.

ఇక మంచం సంగతి. 1899లోనే షికాగోలో ఎమిల్ రీస్ అనే గైనకాలజిస్టు ఆపరేషన్ అయినవాళ్లను త్వరగా లేపి నడిపించాలని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలు, నర్సులు చాలక రోగుల్ని ముందే లేపాల్సి వచ్చాకే, రెండు వారాల పడక అక్కర్లేదని వైద్యులు ఒప్పుకున్నారు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, అది ఊపిరితిత్తులకు చేరడం పడకతో ఎక్కువవుతాయి. అందం కోసం చేసే ఆపరేషన్లలో ఈ ముప్పు ఎక్కువున్న వాటిలో టమ్మీ టక్ ఒకటి: కండరాలు బిగించి కుట్టడంతో పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, తుంటి దగ్గర వంగి ఉండటంతో కాళ్ల నుంచి రక్తం పైకి రావడం మందగిస్తుంది. అందుకే మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో అయిదు నిమిషాలు నడవాలి, పడుకున్నప్పుడు పాదాలు కిందికీ పైకీ ఆడించాలి. ముప్పు ఎక్కువున్నవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ రాస్తారు. నొప్పి లేదని మధ్యలో ఆపకూడదు. చెన్నై నుంచి నెల్లూరుకు సుమారు 175 కిలోమీటర్లు. ఇంటికొచ్చే రోజే ఎక్కువసేపు కదలకుండా కూర్చునేది, కాబట్టి గంటకోసారి కారు ఆపి నాలుగడుగులు వేయాలి.

నడికట్టుకూ ఆసుపత్రి బెల్టుకూ పోలిక పైకి మాత్రమే. చీరతో నడికట్టు వీలైనంత గట్టిగా బిగిస్తారు. బెల్టు పని వేరు: లేపిన చర్మం కింది కండరానికి ఆనుకునేలా, మధ్యలో నీరు చేరకుండా చూడటం. లోపల రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. అంతకు మించి బిగిస్తే చర్మానికి రక్తం తగ్గుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. మడత పడ్డ బెల్టు మరీ చెడ్డది, ఆ గీత వెంబడే చర్మం దెబ్బతింటుంది. సాధారణంగా ఆరు వారాలు వాడమంటారు. మన మే నెల ఎండల్లో లోపల పలచటి నూలు బనియను వేసుకుని, రెండు బెల్టులు మార్చి మార్చి వాడకపోతే చెమటకాయలు ఖాయం.

ఇంట్లో ఎక్కువ తడబడేది డ్రెయిన్ దగ్గర, అంటే చర్మం కింద చేరే ద్రవాన్ని బయటికి లాగే గొట్టం, దాని చివరి డబ్బా దగ్గర. డబ్బా ఖాళీ చేసేటప్పుడు చేతులు కడుక్కుని, గొట్టం క్లిప్పు మూసి, ద్రవాన్ని కొలత గ్లాసులో పోసి, డబ్బాను పూర్తిగా నొక్కి, అలా నొక్కి పట్టుకునే మూత పెట్టి, క్లిప్పు తెరవాలి. నొక్కకుండా మూస్తే లాగే బలం ఉండదు. ఉదయం, రాత్రి ఒకే వేళకు కొలిచి రాయాలి. ఎరుపు నుంచి గులాబి, తర్వాత గడ్డి రంగులోకి మారడం మామూలే. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపు వరుసగా రెండు రోజులు వస్తే చాలామంది సర్జన్లు తీసేస్తారు. ఒక్కసారిగా సున్నాకు పడిపోతే సంతోషించనక్కర్లేదు. గొట్టంలో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. డ్రెయిన్ తీశాక రెండు మూడు వారాల్లో పొట్ట కింద నీళ్లు కదిలినట్టుంటే అది సెరోమా, ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా కనిపించే ఇబ్బంది. సూదితో తీయించుకోవాలి తప్ప నూనె రాసి మర్దన చేయకూడదు. 1998లో బరూడీ, ఫెరేరా చర్మాన్ని లోపల కండరానికి అక్కడక్కడ కుట్టే పద్ధతి ప్రచురించాక, కొందరు సర్జన్లు డ్రెయిన్ లేకుండానే చేస్తున్నారు. పక్కింటావిడకు గొట్టం లేదని కంగారు పడనక్కర్లేదు.

పథ్యం మాత్రం కచ్చితంగా నష్టం చేస్తుంది. గుడ్డు, చేప, పప్పు, పెరుగు తింటే చీము పడుతుందని వెల్లుల్లి కారంతో అన్నం పెడతారు. గాయం మానడానికి కావలసింది ఆ వదిలేసిన మాంసకృత్తులే. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు లెక్కేస్తే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డుకు 6, నూరు గ్రాముల చేపకు దాదాపు 20 వస్తాయి. చేపల పులుసు మానక్కర్లేదు, ఉప్పూ కారం తగ్గిస్తే చాలు. ఊరగాయ ఉప్పుతో వాపు పెరుగుతుంది. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో అది రెట్టింపు, ముక్కితే లోపలి కుట్ల మీద ఒత్తిడి. రెండు మూడు లీటర్ల నీళ్లు, మజ్జిగ, డాక్టరు చెప్పిన విరేచన మందు మొదటి రోజు నుంచే.

కాపడం పెట్టొద్దు. చర్మం లేపేటప్పుడు సన్నటి నరాలు తెగుతాయి, బొడ్డు కింద నెలల తరబడి స్పర్శ ఉండదు. వేడినీళ్ల సంచి కాల్చినా తెలియదు, బొబ్బలొచ్చాక కనబడుతుంది. ఐసు సంచికీ ఇదే వర్తిస్తుంది. ఆ చర్మానికి మధ్యలో కింద నుంచి వచ్చే రక్తనాళాలు తెగిపోయి, పక్కల నుంచి వచ్చేదే ఆధారం. బొడ్డుకూ గాటుకూ మధ్య నల్లబడే ప్రమాదం అందుకే. నికోటిన్ ఆ నాళాలను ఇంకా ముడుస్తుంది కాబట్టి బీడీ, చుట్ట, ఖైనీ కనీసం ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు బంద్. ప్రకాశం జిల్లా వాళ్లకు ఒక మాట కలపాలి: తడి పొగాకు ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. ఆకు కోసే రెలుపుల పనికి, ఆకు ఆరబెట్టే బ్యారన్ పనికి వెళ్లేవాళ్లు ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి.

ఆరు వారాలు అయిదు కిలోలు మించి ఎత్తకూడదు. నీళ్ల బిందె, 20 లీటర్ల క్యాన్, చంటిపిల్ల అన్నీ ఇందులోకే వస్తాయి. కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాల్లో వెళ్లొచ్చు. సాయంత్రానికి వాపు పెరగడం మూడు నెలల దాకా సహజం.

101 డిగ్రీల ఫారన్‌హీట్ మించిన జ్వరం, వాసనతో చీము, నల్లబడ్డ చర్మం, డ్రెయిన్‌లో ఒక్కసారిగా నిండే ఎర్రటి రక్తం: వీటికి సర్జన్‌కు అప్పుడే ఫోన్ చేయాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఆయాసం, గుండెలో పొడిచినట్టు నొప్పి వచ్చినా, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలని చెన్నై దారి పట్టకూడదు. 108కు ఫోన్ చేసి, నెల్లూరులోనో ఒంగోలులోనో దగ్గరున్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి డిశ్చార్జి కాగితంతో సహా వెళ్లి, ఆపరేషన్ తేదీ ముందు చెప్పాలి.