బ్రేక్ లివర్ ఎక్కడ బిగించాలి: ఈ వాదన వెనక కథ

"లివర్ కొన డ్రాప్స్ అడుగుతో సమానంగా ఉండాలి" అనే సలహా రోడ్ సైకిల్ తొక్కేవాళ్లంతా ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు. డ్రాప్స్ అంటే హ్యాండిల్‌లో కిందికి వంగిన భాగం; దాని అడుగున స్కేలు ఆనించి, లివర్ కొన దానికి తగిలేలా బిగించడం అన్నమాట. ఆ కొలత ఊరికే పుట్టలేదు, కానీ అది పుట్టినప్పటి సైకిల్ వేరు.

అప్పట్లో చాలా రేసు సైకిళ్లకు గేర్ లివర్లు ఫ్రేమ్ డౌన్‌ట్యూబ్ (ముందు నుంచి పెడల్స్ వైపు ఏటవాలుగా దిగే గొట్టం) మీద ఉండేవి. గేరు మార్చాలంటే ఒక చెయ్యి వదిలేసి, కిందికి వంగి లివర్ కదిపి, చైన్ గరగరమంటుంటే ఆ చప్పుడు పోయేదాకా కొద్దికొద్దిగా సర్దాలి. 1984లో జపాన్ కంపెనీ షిమానో తన రేసు విడిభాగాల సెట్టు డ్యూరా-ఏస్‌తో ఇండెక్స్ గేర్లు తెచ్చాక టక్కుమని గేరు పడేది గానీ, లివర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. ఇక హ్యాండిల్ మీది లివర్ పని బ్రేక్ వేయడమొక్కటే. పాత లివర్లను పైనుంచి, అంటే హుడ్స్ (లివర్ పైభాగాన రబ్బరు తొడుగున్న పట్టు) మీద చేతులుంచి నొక్కితే పెద్దగా బలం అందేది కాదు, గట్టిగా ఆపాలంటే చేతులు డ్రాప్స్‌లోకి దిగాల్సిందే. అందుకే కింది నుంచి వేళ్లకు అందడమే ముఖ్యమైంది, స్కేలు కొలత అక్కడే నిలిచింది.

1990లో బ్రేకూ గేరూ కలిసిన లివర్, షిమానో ఎస్‌టీఐ, దీన్నంతా మార్చేసింది. బ్రేక్ లివర్‌నే పక్కకు తోస్తే గేరు మారుతుంది, చెయ్యి తీయక్కర్లేదు. ఇలాంటివే 1992లో కాంపాగ్నోలో కంపెనీ ఎర్గోపవర్, 2006లో శ్రామ్ కంపెనీ డబుల్‌ట్యాప్ వచ్చాయి. గేరు యంత్రాంగం లోపలికి చేరేసరికి హుడ్ లావెక్కింది, పట్టు బాగా కుదిరింది, చేతులు ఎక్కువసేపు అక్కడే ఉండసాగాయి. దాంతో హ్యాండిళ్లూ మారాయి: వంపు లోతు తగ్గింది, పైభాగం నుంచి హుడ్ దాకా దాదాపు ఒకే గీతలా సాగింది. ఇలాంటి హ్యాండిల్‌కి పాత స్కేలు పట్టుకుంటే హుడ్ అనుకున్నచోటికి రాదు. మణికట్టు మడతపడకుండా హుడ్ ఎక్కడ కుదురుతుందో ముందు అది చూసుకుని, డ్రాప్స్‌లోంచి లివర్ వేళ్లకు అందకపోతే రీచ్ స్క్రూతో, అంటే లివర్ దూరాన్ని సర్దే మరతో, దగ్గరకు తెచ్చుకోవడమే సరైన పద్ధతి.

ఈమధ్య గొడవ వేరే. గాలికి తక్కువ అడ్డంగా ఉండాలని రేసర్లు లివర్లను లోపలికి తిప్పడం మొదలుపెట్టారు. చేతులు దగ్గరకొస్తాయి, వేగం పెరుగుతుంది, నిజమే. కానీ డ్రాప్స్‌లో ఉన్న వేళ్లకు లివర్ వంకరగా అందుతుంది, దిగుడులో బ్రేక్ అవసరమయ్యేది అక్కడే కదా! విపరీతంగా తిప్పడాన్ని అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ యూసీఐ 2024 నుంచి నిషేధించింది. 2026 నుంచి రోడ్ రేసుల్లో హ్యాండిల్ మొత్తం వెడల్పు కనీసం 400 మిల్లీమీటర్లు, హుడ్స్ లోపలి అంచుల మధ్య దూరం కనీసం 280 ఉండాలని కూడా పెట్టింది. వెడల్పు నిబంధన మీద, ముఖ్యంగా చిన్న భుజాలున్నవాళ్ల విషయంలో, అభ్యంతరాలు వచ్చాయి, వాటిలో న్యాయముంది. లివర్‌ను లోపలికి తిప్పడం మీద పరిమితి మాత్రం నా దృష్టిలో ఇంకా ముందే రావాల్సింది.