పప్పు మానేసి చుక్కలు మర్చిపోతే? శుక్లం ఆపరేషన్‌పై అపోహలు, వాస్తవాలు

కట్టు విప్పగానే గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు గడగడా చదివేవాళ్ళు, కోడలి చీర ఇంత నీలంగా ఉందా అని ఆశ్చర్యపోయేవాళ్ళు కంటి ఆసుపత్రుల్లో రోజూ కనిపిస్తారు. శుక్లం ఆపరేషన్ చాలామందికి మంచి కబురే తెస్తుంది. చిక్కల్లా, దాని చుట్టూ ఉన్న భయం ఉండాల్సిన చోట ఉండదు. పప్పు తింటే చీము పడుతుందని నెలంతా చారన్నంతో సరిపెట్టుకుంటారు, చుక్కల మందు మాత్రం చేతులు కడుక్కోకుండానే వేసుకుంటారు. ఎండాకాలమని ఆరు నెలలు వాయిదా వేస్తారు, ఆపరేషన్ అయిన నాలుగో రోజు నొప్పి మొదలైతే "సోమవారం చూపిద్దాంలే" అంటారు.

అపోహ: కంటి మీద పొర పెరుగుతుంది, దాన్ని గీకేస్తారు.

శుక్లం కంటి పైన పెరిగే పొర కాదు. కంటిపాప వెనక సహజమైన లెన్స్ ఒకటి ఉంటుంది, సుమారు 9 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. పైచిలుకు మందం. అది మసకబారడమే శుక్లం. ఆ లెన్స్ ఒక పల్చటి సంచిలో ఉంటుంది. డాక్టర్ సంచి ముందు భాగాన్ని గుండ్రంగా 5 మి.మీ. మేర తెరిచి, లోపలి మసక లెన్స్‌ను తీసేసి, అదే సంచిలో కృత్రిమ లెన్స్ కూర్చోబెడతారు. కంటిని బయటికి తీసి కడిగి మళ్ళీ పెడతారన్న మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తోంది. అలా తీస్తే చూపు నరం తెగిపోతుంది, కాబట్టి అది అసలు జరగని పని. తెల్లగుడ్డు మీద నుంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ వేరే సమస్య.

అపోహ: శుక్లం బాగా ముదిరాకే ఆపరేషన్.

ఒకప్పుడు ఇది నిజమే. లెన్స్‌ను సంచితో సహా బయటికి లాగేసే రోజుల్లో పండిన శుక్లం తేలిగ్గా వచ్చేది. ఇప్పుడు లెక్క తిరగబడింది. ముదిరిన శుక్లం రాయిలా గట్టిపడుతుంది, దాన్ని ముక్కలు చేయడానికి ఎక్కువ శక్తి వాడాలి. ఆ తాకిడికి నల్లగుడ్డు లోపలి వరుస కణాలు దెబ్బతింటాయి. అవి మళ్ళీ పుట్టవు, అందుకే ముదిరిన శుక్లం తీశాక నల్లగుడ్డు వాచి చూపు ఆలస్యంగా తేలుతుంది. మరీ వదిలేస్తే లెన్స్ ఉబ్బో, కరిగి కారిపోయో కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. భరించలేని నొప్పి, ఎర్రదనం, వాంతులు మొదలవుతాయి. అప్పటికి నరం దెబ్బతింటే ఎంత మంచి ఆపరేషన్ చేసినా పోయిన చూపు రాదు.

మరి ఎప్పుడు చేయించుకోవాలి? మీ పనికి అడ్డం వచ్చినప్పుడు. బియ్యంలో రాళ్ళు కనబడకపోవడం, బస్సు బోర్డు దగ్గరికొచ్చేదాకా చదవలేకపోవడం, రాత్రి ఎదురుబండి లైటు కళ్ళల్లో చిమ్మినట్టు ఉండడం, మెట్లు దిగేటప్పుడు తడబడడం. టైలర్‌కు, డ్రైవర్‌కు ఆ రోజు ముందే వస్తుంది. ఇంటిపట్టున ఉండే పెద్దావిడకు కాస్త ఆలస్యంగా రావచ్చు.

అపోహ: మా అమ్మమ్మకు ఈ వయసులో కళ్ళజోడు లేకుండా పేపరు చదవడం వచ్చింది, కళ్ళు బాగుపడ్డాయి.

ఇంట్లో అందరూ సంతోషించే ఈ సంగతి చాలాసార్లు శుక్లానికి మొదటి గుర్తు. లెన్స్ మధ్యభాగం గట్టిపడుతూ వెలుగును వంచే శక్తి పెరిగి, కంటికి మైనస్ పవర్ వస్తుంది. దాంతో దగ్గరి అక్షరాలు కనిపిస్తాయి, దూరం మసకేస్తుంది. కొన్ని నెలలకో ఏళ్ళకో దగ్గరి చూపూ తగ్గుతుంది. ఆపరేషన్ తొందరేమీ లేదు గానీ, పరీక్ష చేయించాల్సిన సమయం ఇదే.

అపోహ: చుక్కల మందుతో, తేనెతో, పూల రసంతో శుక్లం కరుగుతుంది.

కరగదు. శుక్లాన్ని కరిగించే మందు ఇప్పటిదాకా లేదు. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో, రసం పిండి కంట్లో పోస్తే మాత్రం ఇన్‌ఫెక్షన్ వచ్చి నల్లగుడ్డు పుండు పడే ప్రమాదం ఉంది. ఆ పుండు మానినా మచ్చ మిగులుతుంది. శుక్లం తీస్తే పోతుంది, మచ్చ అలా పోదు.

అపోహ: ఇప్పుడంతా లేజర్ ఆపరేషనే.

ఎక్కువగా జరిగే ఫేకో అనే ఆపరేషన్‌లో శుక్లాన్ని ముక్కలు చేసేది లేజర్ కాదు, అల్ట్రాసౌండ్. సెకనుకు సుమారు 40,000 సార్లు కంపించే సన్నటి గొట్టం మొన శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేస్తుంది. అమెరికా డాక్టర్ చార్లెస్ కెల్మన్ 1967లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. కోత 2.2 నుంచి 2.8 మి.మీ., మడిచిన లెన్స్ అందులోంచే లోపలికి వెళ్ళి విచ్చుకుంటుంది. ఖరీదైన లేజర్ యంత్రాలు కోత, సంచి తెరవడం లాంటి కొన్ని మెట్లు చేస్తాయి. ఆ తర్వాత లెన్స్ తీయడానికి మళ్ళీ ఫేకోయే. బాగా ముదిరిన శుక్లానికి 6 మి.మీ. పైచిలుకు కోతతో, కుట్లు లేకుండా చేసే పద్ధతి కూడా మంచిదే. అనుభవమున్న చేతిలో రెండింటి ఫలితం దాదాపు ఒకటే. ఏ పద్ధతి అనేది శుక్లం గట్టిదనాన్ని బట్టి డాక్టర్‌ను తేల్చనివ్వండి.

అపోహ: ఎండాకాలంలో చేయించుకోకూడదు.

పెద్ద కోత, కుట్లు, రోజుల తరబడి కదలకుండా వెల్లకిలా పడుకోవడం ఉన్న కాలం నాటి మాట. ఇప్పుడు ఏ నెలైనా ఒకటే. వేసవిలో చూసుకోవాల్సింది ఒక్కటి: చెమటను కండువాతోనో చీర కొంగుతోనో కంటి మీదుగా తుడవకండి. కూలర్ గాలి తిన్నగా ముఖానికి కొట్టకుండా చూసుకోండి.

అపోహ: పప్పు, వంకాయ, మాంసం తింటే చీము పడుతుంది.

చీము పట్టించేది క్రిములు, కూర కాదు. క్రిములు ఎక్కువగా మన రెప్పల మీదివే, అందుకే ఆపరేషన్‌కు ముందు క్రిములను చంపే 5 శాతం పోవిడోన్ అయోడిన్ మందు కంట్లో వేసి మూడు నిమిషాలు ఉంచుతారు. గాయం మానడానికి ప్రోటీన్ కావాలి, పప్పూ గుడ్డూ మానేస్తే నష్టమే. షుగర్ ఉన్నవాళ్ళు చూసుకోవాల్సింది అన్నం, తీపి. కూరగాయలు బాగా తినండి, మలబద్ధకంతో ముక్కడం మంచిది కాదు.

భయపడాల్సినవి ఇవీ

చుక్కలు. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కిందికి లాగితే చిన్న తొట్టిలా ఏర్పడుతుంది, ఒక్క చుక్క అందులో వేయాలి. సీసా మొన రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. తర్వాత రెండు నిమిషాలు కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో మెల్లగా నొక్కి ఉంచాలి. రెండో చుక్క అదనంగా వేస్తే బుగ్గ మీదికి కారడమే, కంట్లో అంత చోటు లేదు. వేరే మందు వేయాలంటే ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది. తెల్లగా పాలలా ఉండే, వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కల మందు అడుగున పేరుకుంటుంది. సీసా బాగా కుదపకుండా వేస్తే మొదటి వారం నీళ్ళే పడతాయి.

ఆ స్టెరాయిడ్‌నే చాలామంది "బాగానే కనిపిస్తోందిగా" అని పదో రోజున ఆపేస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, వారం వారం తగ్గిస్తూ వాడతారు. ఒక్కసారిగా ఆపితే లోపలి వాపు తిరగబెడుతుంది. అలాగని చీటీలో రాసిన గడువు దాటి మందుల షాపులో మళ్ళీ కొని వాడుతూ పోతే కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది. తెరిచిన సీసాను నెల తర్వాత పారేయండి.

నీళ్ళు. రెండు వారాలు కంట్లో నీళ్ళు పడకూడదు. మెడ కింది నుంచి స్నానం చేయండి, ముఖం తడిబట్టతో తుడుచుకోండి, తలస్నానం డాక్టర్ చెప్పాకే. రాత్రి కంటికి అడ్డుగా షీల్డ్ (గట్టి మూత) పెట్టుకోండి, నిద్రలో నలుపుకోవడం మన చేతిలో ఉండదు. టీవీ, ఫోన్ చూస్తే లెన్స్ జారిపోదు, కళ్ళు అలిసిపోతే ఆపేస్తే చాలు. పొయ్యి పొగ, దుమ్ము, బరువులెత్తడం కొన్నాళ్ళు వద్దు.

కొద్దిగా గరగర, నీరు కారడం, వెలుగు చురుక్కుమనడం, తెలుపు నీలంగా కనిపించడం మామూలే. ఏళ్ళ తరబడి పసుపు పట్టిన లెన్స్ పోయింది కదా, అందుకే ఆ నీలం. కానీ నొప్పి పెరగడం, ఎర్రబడడం, వచ్చిన చూపు మళ్ళీ తగ్గడం, పుసుల్లా చీము కారడం, మెరుపులు, నల్లచుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు ఉండడం, వీటిలో ఏదైనా వస్తే తెల్లారేదాకా కూడా ఆగకండి. ఇన్‌ఫెక్షన్ అరుదు. వస్తే ఎక్కువగా మొదటి వారంలోనే, చూపు దక్కడం దక్కకపోవడం గంటల మీద తేలుతుంది.

వేసుకునే మాత్రల జాబితా. ప్రోస్టేట్‌కు వాడే టామ్‌సులోసిన్ గురించి తప్పక చెప్పండి. దానివల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప ముడుచుకుపోతుంది, ముందే తెలిస్తే డాక్టర్ సిద్ధంగా ఉంటారు. మానేసి చాలా రోజులైనా చెప్పాలి. రక్తం పలచబడే మందు సొంతంగా ఆపకండి.

అపోహ: లెన్స్ పదేళ్ళకు పాతబడిపోతుంది, శుక్లం మళ్ళీ వస్తుంది.

లండన్‌లో కంటి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదటి కృత్రిమ లెన్స్ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం అద్దాల ప్లాస్టిక్ తునకలు పైలట్ల కళ్ళల్లో ఏళ్ళ తరబడి హాని చేయకుండా ఉండిపోవడం చూశాక వచ్చిన ఆలోచన అది. లెన్స్ మనిషి జీవితకాలం నిలుస్తుంది. తీసేసిన శుక్లం తిరిగి రాదు. లెన్స్‌కు ఆసరాగా వదిలిన సంచి వెనక గోడ మీద మిగిలిన కణాలు పెరిగి, నెలలకో ఏళ్ళకో మసక రావచ్చు. యాగ్ లేజర్‌తో దాని మధ్యలో చిన్న కంత చేస్తారు. కొద్ది నిమిషాల పని, కోత లేదు, కట్టూ ఉండదు. ఇక్కడ మాత్రం నిజంగానే లేజర్.

అపోహ: ఉచిత ఆపరేషన్‌లో నాసిరకం లెన్స్ వేస్తారు.

మధురైలోని ఆరోల్యాబ్ అనే సంస్థ 1992లో లెన్స్‌లు తయారుచేయడం మొదలుపెట్టాక ధర బాగా దిగొచ్చింది. చవక అయినంత మాత్రాన నాసిరకం కాదు. కంటిలోపల నరం, రెటీనా (బొమ్మ పడే వెనక పొర) బాగుంటే మామూలు లెన్స్‌తోనూ దూరం చక్కగా కనిపిస్తుంది. రెటీనా దెబ్బతిన్న కంట్లో దూరం, దగ్గర రెండూ కనిపించేలా చేసే ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ వేసినా డబ్బు దండగే, పైగా రాత్రి దీపాల చుట్టూ వలయాలు.

అపోహ: ఆపరేషన్ అయ్యాక కళ్ళజోడే అక్కర్లేదు.

మామూలు లెన్స్‌ను సాధారణంగా దూరానికే సరిచేస్తారు, చదవడానికి +2.5 దగ్గరలో అద్దాలు కావాలి. కంటి పొడవు కొలవడంలో 1 మి.మీ. తేడా వస్తే పవర్ రెండున్నర దాకా మారిపోతుంది. అందుకే కొలత తీసేటప్పుడు కదలొద్దంటారు. కొత్త అద్దాలు నెల, నెలన్నర తర్వాతే. అప్పటిదాకా చూపు కుదుటపడుతూనే ఉంటుంది, మొదటి వారంలో కొన్న జోడు పనికిరాకుండా పోతుంది.

రెండో కన్ను అయ్యేదాకా రెండు కళ్ళ పవర్ తేడాగా ఉండి తల తిరిగినట్టు అనిపించవచ్చు. పాత జోడులో ఆపరేషన్ అయిన వైపు అద్దం తీయించి, ఆ చోటు ఖాళీగా ఉంచో, పవర్ లేని అద్దం పెట్టించో వాడుకోవచ్చు. కళ్ళద్దాల షాపులో ఐదు నిమిషాల పని.