నీటి మీద కరెంటు, నీటి కింద జాగా

రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 500 ఎకరాల్లో సోలార్ పలకలు తేలుతున్నాయి. 100 మెగావాట్ల ఈ ప్లాంటు 2022 జూలై 1 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. మొత్తం 40 బ్లాకులు, ఒక్కో బ్లాకుకు 11,200 పలకలు. ఒడ్డు మీద నిలబడి చూస్తే పలకలు, వాటిని మోసే ప్లాస్టిక్ డబ్బాలు, ఇన్వర్టరూ ట్రాన్స్‌ఫార్మరూ పెట్టిన తేలే గద్దెలు కనిపిస్తాయి. గాలికి ఇదంతా కొట్టుకుపోకుండా ఆపుతున్నవి మాత్రం కంటికి కనపడవు. రిజర్వాయర్ అడుగున బరువైన దిమ్మెలు దించి, గట్టి పాలిమర్ తాళ్లతో బ్లాకులను వాటికి కట్టారు.

నీటి మీద కరెంటు అనగానే అందరం పైనున్న మెగావాట్లు లెక్కేస్తాం. గొడవలు ఎక్కువగా కిందనున్న తాళ్ల దగ్గర మొదలవుతాయి. సముద్రంలో తేలే గాలిమరల కథ చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. సముద్రమే లేని తెలంగాణకు ఆ కథతో పనేంటని అడగొచ్చు. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసిపోయింది. ఇప్పుడు ఎక్కడ పుట్టిన కరెంటైనా హనుమకొండలో ఫ్యాను తిప్పొచ్చు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల గాలిమరల కోసం కేంద్రం 2024 జూన్‌లో 7,453 కోట్ల రూపాయల పథకానికి ఒప్పుకుంది కూడా. అవి తేలేవి కావు, సముద్రం అడుగున పాతేవి. తేలేవాటి అనుభవం ఎక్కువగా యూరప్ దగ్గరే ఉంది.

సముద్రంలో గాలిమరలు కొత్తేమీ కాదు. డెన్మార్క్ వాళ్లు 1991లోనే విండెబీ దగ్గర 11 మరలు పెట్టారు. కాకపోతే సుమారు 60 మీటర్ల లోతు దాటితే అడుగున స్తంభం పాతడం గిట్టుబాటు కాదు. మంచి గాలి వీచే చోట్లు చాలావరకు అంతకన్నా లోతైన నీళ్లలో ఉన్నాయి. అందుకే తేలే మరలు వచ్చాయి. స్కాట్లాండ్‌లోని పీటర్‌హెడ్ తీరానికి దూరంగా, దాదాపు 100 మీటర్ల లోతున్న చోట, 2017లో హైవిండ్ అనే ప్రాజెక్టు మొదలైంది. 6 మెగావాట్ల మరలు 5. తేలే గాలిమరల్లో ప్రపంచంలోనే మొదటి వాణిజ్య కేంద్రం అదే.

అంత పొడుగు టవరు నీళ్లలో పడిపోకుండా ఎట్లా నిలుస్తుంది? మానేరులో వల కట్టేటప్పుడు చూడండి. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు సీసం గుండ్లు. బెండు పైకి లాగుతుంది, గుండు కిందికి లాగుతుంది, మధ్యలో వల నిటారుగా నిలబడుతుంది. హైవిండ్ సూత్రమూ అదే. నీటి కింద 78 మీటర్ల దాకా దిగిన ఉక్కు గొట్టం, దాని అడుగున వేల టన్నుల బరువు. అది అక్కడి నుంచి కదిలిపోకుండా ఒక్కో మరకు మూడు లంగర్లు. ఈ లంగరు ఒకవైపు మూసిన ఉక్కు గొట్టం. నోరు కిందికి పెట్టి బురద మీద ఆనించి, లోపలి నీళ్లను పంపుతో తోడేస్తే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడే దాన్ని నేలలోకి దింపేస్తుంది.

పర్యావరణం వైపు నుంచి చూస్తే ఇది చిన్న లాభం కాదు. పాతే మరలకైతే పెద్ద సుత్తితో స్తంభాన్ని దిగగొట్టాలి. ఆ మోతకు పోర్పస్ అనే చిన్న జాతి తిమింగల బంధువులు కిలోమీటర్ల దూరం పారిపోతాయి. దారి వెతకడానికీ తిండి దొరకబుచ్చుకోవడానికీ అవి చెవుల మీదే ఆధారపడతాయి మరి. తేలే మరలకు ఆ బాధ చాలావరకు తప్పింది.

కానీ గొలుసులు ఉన్నాయి. మర నుంచి లంగరు దాకా అవి వందల మీటర్లు ఏటవాలుగా సాగుతాయి, చివరి భాగం సముద్రపు నేల మీద పడుకుని ఉంటుంది. అలలకు మర ఊగినప్పుడల్లా ఆ భాగం లేచి పడుతూ, పక్కలకు జరుగుతూ బురదను గీకుతుంది. అక్కడ బతికే పురుగులకూ గుల్లలకూ చోటు పోతుంది. తిమింగలాలు గొలుసుల్లో చిక్కుకుంటాయన్న భయం ఒకటి ఉండేది. గొలుసు లావుగా, బరువుగా ఉంటుంది కాబట్టి అది మెడకు చుట్టుకునే వస్తువు కాదు. అసలు ప్రమాదం కొట్టుకొచ్చి దానికి తగులుకునే పాత వలలతోనే. వాటిని ఎప్పటికప్పుడు కెమెరాతో వెతికి తీయకపోతే చేపలూ, సీల్ అనే సముద్ర జంతువులూ అందులో చస్తాయి. కరెంటు తీగలు కూడా నీటి మధ్య వేలాడతాయి. వాటి చుట్టూ పుట్టే విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను సొరచేపలూ టేకు చేపలూ పసిగట్టగలవు, వాటి నడవడి ఎంత మారుతుందన్న పరిశోధన ఇంకా సాగుతోంది. మరోపక్క, ఉక్కు గొట్టాలకు ఆల్చిప్పల్లాంటివి పట్టి, వాటి చుట్టూ చేపలు మూగుతాయి. కంపెనీలు ఫొటోల్లో చూపించేది ఈ ముక్కే. చేపలు పెరిగాయా, పక్క నుంచి వచ్చి ఇక్కడ చేరాయా అన్నది ఫొటో చూసి తేలే విషయం కాదు.

జాలరుల మాటకొస్తే, పీటర్‌హెడ్ బ్రిటన్‌లో పెద్ద చేపల రేవు. అక్కడివాళ్లలో చాలామంది పడవ వెనక వలను అడుగంటా లాగి చేపలు పడతారు. గొలుసులున్న చోట వల లాగితే వల పోతుంది, ఒక్కోసారి పడవకే ముప్పు. పైకి 5 స్తంభాలే కనిపించినా, వలకు అందకుండా పోయే నీళ్లు వాటి నీడకు ఎన్నో రెట్లు. 2022లో హైవిండ్ మరల మధ్య బుట్టలు, బోనులు, గాలాలతో వేట ప్రయోగాత్మకంగా చేసి చూశారు. అది సురక్షితంగానే సాగింది. కానీ లాగుడు వలతో బతికేవాడు గాలం పట్టుకోవాలంటే పడవ మార్చాలి, పనిముట్లు మార్చాలి, పట్టే చేప కూడా మారుతుంది. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టే జాలరులు అంతదాకా రానివ్వలేదు. వాళ్ల ఒత్తిడితో 2021లో ఆ రాష్ట్ర జలాల్లో కొత్త గాలిమరలను నిషేధిస్తూ చట్టమే వచ్చింది.

ఉద్యోగాల సంగతీ చెప్పుకోవాలి. హైవిండ్ మరలను నార్వేలో నిలబెట్టి స్కాట్లాండ్‌కు లాక్కొచ్చారు. 2024లో పెద్ద రిపేరు వస్తే మళ్లీ నార్వేకే లాక్కెళ్లారు. తేలే మరకు ఉన్న సుగుణమే అది, విప్పి తీసుకుపోవచ్చు. తీరంలో ఉన్నవాళ్లకు మాత్రం పని కూడా దాంతోపాటే పోతుంది. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బొగ్గు వేల కుటుంబాలకు నౌకరీ ఇచ్చింది, సోలార్ పలకలు తుడవడానికి అంతమంది అవసరం లేదు. బొగ్గు బూడిద ఎంత మిగిల్చిందో కూడా ఆ ఊళ్లకే తెలుసు కాబట్టి, నేను సోలార్ వద్దనే మనిషిని కాను.

మళ్లీ మన నీళ్ల దగ్గరికి వద్దాం. రామగుండం పలకల వల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ఎన్టీపీసీ లెక్క. 500 ఎకరాలకు పరిస్తే ఇది 1.6 మీటర్ల లోతు, కాస్త పొట్టి మనిషి ఎత్తు. మన ఎండలకు నమ్మదగిన అంకే. సందుల్లోంచి కొంత ఆవిరి పోతూనే ఉంటుంది కాబట్టి నేనైతే దీన్ని పైహద్దుగా చూస్తాను.

నీడకు ఇంకో ముఖం ఉంది. ఎండ తగలకపోతే నీటిలో నాచు తగ్గుతుంది, నాచు తగ్గితే దాన్ని తినే సూక్ష్మజీవులు తగ్గుతాయి, వాటి మీద బతికే బొచ్చెకు తిండి తగ్గుతుంది. నీటిలో ఆక్సిజన్ కూడా పడిపోతుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు చెరువుల్లో 70 శాతం కప్పి చూస్తే, ఆక్సిజన్ తగ్గింది, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ విడుదల దాదాపు 27 శాతం పెరిగింది. 70 శాతం అంటే విపరీతమే. జర్మనీ 2023లో తెచ్చిన నిబంధన దీనికి పూర్తిగా అటు వైపున ఉంది. నీటి వైశాల్యంలో 15 శాతం మించి కప్పకూడదు, ఒడ్డుకు 40 మీటర్ల లోపు రాకూడదు. ఒడ్డు వెంట లోతు తక్కువ నీళ్లలోనే చేపలు గుడ్లు పెడతాయి, పిల్లలు పెరుగుతాయి. ఆ దూరం మనకూ పనికొస్తుంది.

రామగుండం రిజర్వాయర్ విద్యుత్ కేంద్రం సొంతది. లోయర్ మానేరు అట్లాంటిది కాదు. దాని మీదా పలకలు పెడతారన్న మాట అప్పుడప్పుడూ పేపర్లో వస్తుంటుంది. అక్కడ గంగపుత్రులు, ముదిరాజ్‌లు సంఘాలు కట్టుకుని, వానాకాలం చేపపిల్లలు వదిలి, థర్మాకోల్ తెప్పల మీద తిరిగి బతుకుతున్నారు. ప్లాంటు పెట్టే ముందు సంఘం చేతికి రావాల్సిన మొదటి కాగితం దిమ్మెలు, తాళ్లు ఎక్కడెక్కడ వస్తాయో చూపే పటం. నీరు నిండుగా ఉన్నప్పుడు బిగిసి ఉండే తాడు ఎండాకాలం వదులవుతుంది, బ్లాకు గాలికి అటూ ఇటూ జరుగుతుంది. అది జరిగే మేర అంతా వలకు దూరమే.

జర్మనీ లాంటి 15 శాతం హద్దు మనమూ పెట్టుకుంటే, అది ఏ నీటిమట్టం దగ్గర లెక్కేస్తారన్నది ముందే తేల్చుకోవాలి. నిండు మట్టం దగ్గర 15 శాతంగా ఉన్న పలకలు, నీళ్లు తగ్గి జలాశయం సగానికి కుంచించుకున్న ఏప్రిల్‌లో 30 శాతం అవుతాయి. అప్పటికి చేపలన్నీ మిగిలిన మడుగులోకి చేరి ఉంటాయి, వేట జోరుగా సాగేదీ అప్పుడే.