గాంధీజీ హత్య తర్వాత దేశం: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఆధునిక భారత చరిత్ర చెబుతుంటాను. జనవరి 30 వచ్చిందంటే ఏటా అవే ప్రశ్నలు. ఉదయం 11 గంటలకు మౌనం పాటిస్తాం కాబట్టి గాంధీజీ ఆ వేళకే పోయారనుకునేవారూ ఉన్నారు. కాల్పులు జరిగింది సాయంత్రం 5.17కి.

అపోహ: విభజన వాటాగా పాకిస్తాన్‌కు రావాల్సిన 55 కోట్లు ఇప్పించినందుకే చంపారు.

వాస్తవం: 1948 జనవరి 13న గాంధీజీ నిరాహార దీక్ష, 15న డబ్బు విడుదలకు ప్రభుత్వ నిర్ణయం, 20న ఢిల్లీలో ఆయన బస చేసిన బిర్లా హౌస్‌లో బాంబు. తేదీలు పక్కపక్కనే ఉండటంతో ఈ వాదన సులువుగా అతుక్కుంది. కానీ 1934లోనే పుణెలో ఆయన ఉన్న కారనుకుని మరో కారుపై బాంబు విసిరారు. అప్పటికి పాకిస్తానే లేదు.

అపోహ: హత్య వార్తతో దేశమంతా ఒక్కటై కన్నీరు పెట్టింది, ఎక్కడా గొడవల్లేవు.

వాస్తవం: తరగతిలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. విభజన నెత్తురు ఇంకా ఆరని ఢిల్లీ అది. బిర్లా హౌస్ బయట గుంపులో ఎవరో చంపింది ముస్లిమేనని అరిచారు. అప్పుడే అక్కడికి చేరిన గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్, హంతకుడెవరో తనకే ఇంకా తెలియకపోయినా, చంపింది హిందువేనని గట్టిగా బదులిచ్చారు. ఆకాశవాణి కూడా వార్తను కాసేపు ఆపి, హంతకుడు హిందువన్న మాట చేర్చి సాయంత్రం 6 గంటలకు ప్రకటించింది. ఆ ఒక్క మాట లేకపోతే ఆ రాత్రి ఎన్ని ఇళ్లు తగలబడేవో! నెహ్రూ ప్రసంగాన్ని అందరూ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ పొడి ప్రకటనే గొప్పదనిపిస్తుంది.

అయితే గాడ్సే పేరుతో పాటు కులమూ బయటికొచ్చింది. పుణె, సతారా, కొల్హాపూర్ ప్రాంతాల్లో, హత్యతో ఏ సంబంధమూ లేని బ్రాహ్మణ కుటుంబాల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు. మరోపక్క మిఠాయిలు పంచుకున్నవారూ ఉన్నారు. ఆ సంగతి 1948 సెప్టెంబరులో అప్పటి హోంమంత్రి పటేల్ స్వయంగా ఆర్‌ఎస్‌ఎస్ అధిపతి గోల్వాల్కర్‌కు రాసిన లేఖలోనే ఉంది. ఆర్‌ఎస్‌ఎస్‌పై ఫిబ్రవరిలో పెట్టిన నిషేధం 1949 జులై వరకు సాగింది.

అపోహ: పటేల్ నిర్లక్ష్యం వల్లే భద్రత లోపించింది.

వాస్తవం: బాంబు పేలాక కూడా నిఘా వర్గాలు చురుగ్గా కదల్లేదన్న విమర్శ న్యాయమైనదే. కానీ ప్రార్థనకు వచ్చేవారిని సోదా చేయడానికి గాంధీజీయే ఒప్పుకోలేదు. ఆయన చివరి భేటీ పటేల్‌తోనే. నెహ్రూతో విభేదాల గురించే ఆ మాటలు సాగాయి, ప్రార్థనకు ఆలస్యమైంది. తర్వాత ఆ ఇద్దరూ కలిసే పనిచేశారు.

అపోహ: ఆ మరణంతో మత హింస ఆగిపోయింది.

వాస్తవం: ఢిల్లీలో చల్లారిన మాట నిజం. మన పక్కకు చూడండి. ఎనిమిది నెలలు తిరక్కుండానే, హైదరాబాద్‌ను భారత్‌లో కలిపేందుకు సైన్యం చేపట్టిన సెప్టెంబరు పోలీసు చర్య వేళ, ఆ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపారు. ఆ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేలుగా అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.