ముందు కాగితం పేరు చెప్పండి

కడప

పెద్దబ్బీ, చిన్నమ్మీ,

మీరు కొరియర్‌లో పంపిన గండికోట ఫొటో అందింది. బండ మీద మీ జేజి, వెనక పెన్నా లోయ, ఎర్రటి కొండగోడలు. తీసిన తీరు చాలా బాగుంది. ప్రింటు మాత్రం నల్లబడింది. ముఖం మీద సన్నటి గీతలు పడ్డాయి. జుట్టు మీద వేలు పెడితే నలుపు వేలికి అంటింది. ఇరవై కాగితాల ప్యాకెట్లో పదకొండు పాడయ్యాయని, ప్రింటరే మంచిది కాదని ఫోన్‌లో బాధపడ్డారు. ప్రింటరును అప్పుడే తప్పు పట్టొద్దు.

నేను ఏడు రోడ్ల దగ్గర స్టూడియోలో ఫొటోలు కడిగే రోజుల్లో బ్రోమైడ్ కాగితానికి నంబర్లుండేవి. నెగెటివ్ చప్పగా ఉంటే మూడో నంబరు, నలుపు తెలుపులు మరీ గట్టిగా ఉంటే ఒకటో నంబరు తీసేవాళ్లం. డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు వేసుకుని మొదట చూసేది కాగితం ప్యాకెట్టునే. మీ పని కూడా అక్కడే మొదలవ్వాలి.

మీరు ట్రేలో ఏ కాగితం పెట్టారో మామూలు ఇంటి ప్రింటరుకు తెలియదు. మీరు చెప్పకపోతే అది ప్లెయిన్ పేపర్ అనుకుంటుంది. తెల్లకాగితం ఇంకును లోపలికి పీల్చుకుంటుంది. ఫొటో కాగితం మీద ఇంకును పట్టి ఉంచే పూత ఉంటుంది. అందుకే ఎంత ఇంకు వదలాలి, ఎంత నిదానంగా నడవాలి అన్నది కాగితాన్ని బట్టి మారుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. సీసాతో ఇంకు నింపుకునే చాలా ట్యాంకు ప్రింటర్లలో నల్ల ఇంకు తెల్లకాగితం మీద అక్షరాల కోసం చేసింది. అది నిగనిగలాడే పూత మీద నిలవదు. కాగితం గ్లాసీ, అంటే మెరిసే రకం, అని చెబితే ప్రింటరు ఆ నలుపును పక్కన పెట్టి మిగతా మూడు రంగులు కలిపి నలుపు తెస్తుంది. జేజి జుట్టు వేలికి అంటడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

కంప్యూటర్లో ప్రింట్ నొక్కాక ప్రాపర్టీస్ లేదా ప్రిఫరెన్సెస్ తెరవండి. పేపర్ టైప్ దగ్గర గ్లాసీ, సైజు దగ్గర 4×6 అంగుళాలు, క్వాలిటీ దగ్గర హై పెట్టండి. ఫోన్‌లో మామూలు ప్రింట్ తెరలో ఇవన్నీ కనిపించకపోవచ్చు. అప్పుడు ప్రింటరు కంపెనీ వాళ్ల యాప్‌లోంచే వేయండి. కాగితం వెనక నుంచి పెట్టే ప్రింటరైతే మెరిసే వైపు మీకు కనిపించాలి. కింద ట్రేలో పెట్టేదైతే మెరిసే వైపు కిందికి ఉండాలి. ఈ కాగితాన్ని నాన్న ఆఫీసులోని లేజర్ ప్రింటర్లో మాత్రం పెట్టొద్దు. ఆ వేడికి పూత కరిగి యంత్రానికి అతుక్కుంటుంది.

ఇక సైజు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్క. 4×6కి 1200×1800 కావాలి, ఏ4కి 2480×3508. మీ 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4000×3000 ఉంటుంది కాబట్టి ఏ4కి కూడా చాలు. కానీ మీరు వాడింది వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో. మామూలుగా పంపితే అది బాగా చిన్నదవుతుంది. 4×6లో తెలియకపోయినా ఏ4లో మసకేస్తుంది. ఒరిజినల్‌ను డాక్యుమెంటుగా పంపుకోండి.

ఫోన్ ఫొటో కొలత 4:3, కాగితం 3:2. నిండుగా వేస్తే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. జేజి కొప్పు తెగిపోయింది అందుకే. బోర్డర్‌లెస్, అంటే తెల్లటి అంచు లేకుండా, పెడితే ప్రింటరు బొమ్మను ఇంకాస్త పెద్దది చేసి అంచు దాటిస్తుంది, కాబట్టి ఇంకొంచెం పోతుంది. క్రాప్ మీరే చేసుకోండి, తల మీద కాస్త ఆకాశం ఉంచండి. నాకైతే చుట్టూ తెల్లటి అంచు ఉన్న ఫొటోనే ఇష్టం.

నల్లబడటం సంగతి వేరు. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం వెలుగదు. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి, ఫొటో నల్లగా అనిపిస్తే కొంచెం తెల్లబరచండి. ప్రింటర్లో ఆటో ఎన్‌హాన్స్ లాంటిది ఉంటే తీసేయండి, ముఖాల రంగు మార్చేస్తుంది.

మేము పెద్ద కాగితం పాడు చేయకుండా ముందు సన్నటి ముక్క మీద వెలుగు వేసి చూసేవాళ్లం. మీరూ ఒకే 4×6 కాగితం మీద జేజి ముఖాన్నే నాలుగు చిన్న బొమ్మలుగా పెట్టి, ఒక్కోదాన్ని కొంచెం కొంచెం తెల్లబరచి వేయండి. పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి ఏది బాగుందో ఎంచుకోండి. పదకొండు కాగితాల బదులు ఒక్కటి పోతుంది.

గీతలు మళ్లీ పడితే నాజిల్ చెక్ వేయండి, ఇంకు వదిలే సన్నటి రంధ్రాలు మూసుకుపోయాయేమో అందులో తెలుస్తుంది. మన ఎండలకు వాడకుండా వదిలేస్తే ఇంకు ఎండిపోతుంది, వారానికొక రంగు పేజీ వేస్తుండండి.

కొత్త ప్రింటును ఒక రోజు ఆరనిచ్చి పంపండి. ఇక్కడ ఫ్రేము తెచ్చి పెట్టాను. ఎండ పడి రంగు పోకుండా, హాల్లో తూర్పు గోడకు కాకుండా లోపలి గదిలో మేకు కొట్టించింది మీ జేజి.

మీ జేజినాయన