కార్డు గీకితే రెండు శాతం: ఈ వడ్డన వెనక కథ

బంగారం షాపులో తరుగు మీద, మజూరీ మీద అరగంట బేరమాడి, చివరికి ధర కుదిరి కార్డు బయటికి తీయగానే వినపడే మాట మనకు కొత్త కాదు. "కార్డయితే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా పడుతుంది సార్." లక్ష రూపాయల గొలుసు మీద అది రెండు వేలు. ఇదేం న్యాయమని కొనేవాళ్లు, నా లాభంలోంచి ఎందుకు పోగొట్టుకోవాలని షాపువాళ్లు కౌంటర్ దగ్గరే వాదించుకుంటారు. ఈ వసూలుకు మూలమైన రుసుము పెట్టింది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. కార్డు మీద డబ్బు తీసుకున్నందుకు షాపు దగ్గర బ్యాంకు పట్టుకునే ఆ రుసుము పేరు మర్చంట్ డిస్కౌంట్ రేటు. వ్యాపారులు ఎండీఆర్ అంటారు.

పది వేల రూపాయల బిల్లు కార్డు మీద కట్టారనుకుందాం. ఎండీఆర్ 2 శాతమైతే, స్వైపింగ్ మిషన్ ఇచ్చిన బ్యాంకు 200 రూపాయలు పట్టుకుంటుంది. ఆ 200 మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 36. షాపు ఖాతాలో పడేది 9,764. పట్టుకున్న రుసుములో పెద్ద వాటా ఇంటర్‌చేంజ్ పేరుతో మన కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. కొంత వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌కు, మిగతాది మిషన్ బ్యాంకుకు. మనకు వచ్చే రివార్డు పాయింట్లకు డబ్బు చాలావరకు ఈ ఇంటర్‌చేంజ్‌లోంచే వస్తుంది. షాపు ఈ ఖర్చును అన్ని వస్తువుల ధరల్లో కలిపేస్తే, నోట్లు లెక్కపెట్టి ఇచ్చే రోజుకూలీ కూడా ఇంకొకరి పాయింట్లకు చందా కట్టినట్టే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పోనీ విడిగా వసూలు చేద్దామంటే, కార్డు చూపించినవాడికి ధర మారిపోతుంది.

ఈ చిక్కు అమెరికాలో చట్టసభ దాకా వెళ్లింది. నగదు ఇచ్చేవాళ్లకు షాపులు తగ్గింపు ఇస్తే కార్డు కంపెనీలు అడ్డుకోకూడదని అక్కడ 1974లో చట్టం చేశారు. 1976లో కార్డు మీద అదనం వసూలు చేయడాన్ని నిషేధించారు. ఆ నిషేధానికి 1984లో గడువు తీరిపోయింది. 98 రూపాయల వస్తువుకు కార్డయితే 100 అన్నా, 100 రూపాయల వస్తువుకు నగదైతే 98 అన్నా లెక్క ఒకటే. కానీ మొదటిది జరిమానాలా తగులుతుంది, రెండోది రాయితీలా వినిపిస్తుంది. ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. 2003 నుంచి షాపులు అదనం వసూలు చేసుకోవచ్చని అక్కడి రిజర్వ్ బ్యాంకు తలుపు తెరిచింది. కొందరు అసలు ఖర్చుకు మించి గుంజడంతో 2016లో దానికి కళ్లెం వేశారు. 2025 జూలైలో ఆ అదనాన్నే తీసేద్దామని అదే రిజర్వ్ బ్యాంకు ప్రతిపాదించింది.

యూరప్ చేసిన పని నాకు అన్నిటికన్నా సబబుగా కనిపిస్తుంది. 2015లో ఇంటర్‌చేంజ్‌కు పరిమితి పెట్టారు: డెబిట్‌కు 0.2 శాతం, క్రెడిట్‌కు 0.3 శాతం. షాపు మీద భారం తగ్గించాక 2018 జనవరి నుంచి సాధారణ వినియోగదారుల కార్డుల మీద అదనం వసూలు చేయకూడదన్నారు.

మన దగ్గరికి వస్తే, క్రెడిట్ కార్డు తెలుగువాళ్లకు నిన్న మొన్నటిది కాదు. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులు ఇచ్చింది. అప్పట్లో కార్డున్నవాళ్లు కొద్దిమంది, తీసుకునే షాపులూ కొన్నే. ఎవరు భరించాలన్న ప్రశ్న వీధిలోకి వచ్చింది డెబిట్ కార్డులు ఇంటింటికీ చేరాకే.

రిజర్వ్ బ్యాంకు 2012 సెప్టెంబర్ నుంచి డెబిట్ కార్డుల ఎండీఆర్‌కు హద్దు గీసింది: రెండు వేల లోపు 0.75 శాతం, ఆపైన 1 శాతం. డెబిట్ కార్డుకు షాపులు అదనం వసూలు చేయడం ఒప్పుకోదగ్గది కాదనీ, అలాంటి షాపులతో బ్యాంకులు సంబంధం తెంచుకోవాలనీ 2013 సెప్టెంబర్‌లో ఖరాఖండిగా చెప్పింది. పెద్ద నోట్ల రద్దు తర్వాత ఈ తగవు పెట్రోలు బంకుల్లో బద్దలైంది. బంకు యజమానికి లీటరుకు ఇంతని కమీషన్. ధర పెంచుకునే వీల్లేదు. అందులోంచి 1 శాతం బ్యాంకులు పట్టుకుంటామనేసరికి, 2017 జనవరిలో కార్డులు తీసుకోబోమని డీలర్లు ప్రకటించారు. బ్యాంకులు వెనక్కి తగ్గాయి. ఆ భారం డీలర్ల మీదా వినియోగదారుల మీదా పడదని కేంద్రం చెప్పాల్సి వచ్చింది. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకు, యూపీఐకి ఎండీఆర్‌ను పూర్తిగా ఎత్తేశారు.

ఇన్ని అడుగుల్లో క్రెడిట్ కార్డు రేటును ఎవరూ ముట్టుకోలేదు. దానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దు లేదు. బ్యాంకుకూ వ్యాపారికీ మధ్య కుదిరిందే రేటు. పెద్ద మాల్ గట్టిగా బేరమాడి తగ్గించుకోగలదు, సందులోని సెల్‌ఫోన్ల కొట్టుకు అంత పలుకుబడి ఉండదు. మిషన్ ఇచ్చేటప్పుడు రాయించుకునే ఒప్పందంలో కొనేవాళ్ల దగ్గర అదనం తీసుకోకూడదనే షరతు మామూలుగా ఉంటుంది. కానీ అది బ్యాంకుకూ షాపుకూ మధ్య కాగితం. మన చేతికి రాదు. ఎవరైనా ఫిర్యాదు చేయాలనుకుంటే మిషన్ ఏ బ్యాంకుదో చూసుకోవాలి. ఆ పేరు మనకిచ్చే స్లిప్పు మీద ఉంటుంది. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లినా ఆయన అడగగలిగేది బ్యాంకునే, షాపును కాదు.

కిందటేడు ఫ్రిజ్ కొన్నప్పుడు నేనూ ఆ రెండు శాతం కట్టాను. బిల్లులో ఆ ముక్క లేదు, గోడ మీద బోర్డూ లేదు. ముందే చెప్పి ఉంటే చెక్కు పుస్తకం తీసుకెళ్లేవాణ్ని. ఇచ్చిన డబ్బుకు రాతలో ఆనవాలు లేకపోవడం నాకు డబ్బు పోవడం కన్నా పెద్ద తప్పుగా తోచింది. క్రెడిట్ కార్డు రేటుకూ ఒక హద్దు గీసి, ఆ తర్వాత అదనపు వసూలును స్పష్టంగా నిషేధించాలి. మొదటిది చేయకుండా రెండోది చేస్తే చిన్న వ్యాపారి నలిగిపోతాడు.

ఈలోగా తగవు కొత్త చోటికి మారింది. 2022 సెప్టెంబర్‌లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపారు. రెండు వేల లోపు అయితే చిన్న వ్యాపారికి ఎండీఆర్ లేదు, దాటితే ఉంటుంది. ఫోన్‌తో అదే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం కాబట్టి డబ్బు ఖాతాలోంచి వస్తుందో క్రెడిట్ కార్డులోంచి వస్తుందో షాపువాడికి కనపడదు. అందుకే ఇప్పుడు స్కాన్ చేసేలోపే అడుగుతున్నారు: "సేవింగ్స్ నుంచేనా అన్నా, క్రెడిట్ నుంచా?"